దీర్ఘకాలిక వ్యాధితో జీవిస్తున్నవారు ప్లానర్‌ను ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కీళ్లవాతం, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), మధుమేహం, మైగ్రేన్, మూత్రపిండాల వ్యాధి, థైరాయిడ్ లోపం, ఎడతెగని నీరసం వంటి జబ్బులతో ఏళ్ల తరబడి జీవిస్తున్నవారు, వారిని చూసుకునే ఇంటివారు ప్లానర్ల గురించి అడిగే సందేహాలు ఇంచుమించు ఒకే రకంగా ఉంటాయి. ప్రతిసారీ విడిగా జవాబు రాయడం కంటే అన్నిటినీ ఒకచోట చేర్చడం మేలనిపించి ఈ పేజీని సిద్ధం చేశాను. ఏ ప్రశ్న నుంచైనా చదవడం మొదలుపెట్టవచ్చు.

బజారులో దొరికే ప్లానర్లలో ఎక్కువ భాగం రేపు కూడా ఈ రోజులాగే లేచి తిరగగలమన్న నమ్మకం ఉన్నవారి కోసం తయారైనవి. మనకు ఆ నమ్మకం లేదు. అందువల్ల ఒంట్లో బాగున్న రోజున ముచ్చటపడి కొన్న ప్లానర్, బాగాలేని రోజున కూడా చేతికి అందేలా ఉందా లేదా అన్నదే నా దృష్టిలో అసలైన పరీక్ష. మందుల గురించి ఇక్కడ చెప్పిన విషయాలు రాసుకునే పద్ధతి కోసమే తప్ప, వాటిని చూసి మోతాదులు మార్చుకోవద్దు.

## కొనే ముందు

గోడకు క్యాలెండర్ ఉంది కదా, వేరే ప్లానర్ ఎందుకు?

చాలామందికి గోడ క్యాలెండరే సరిపోతుంది. వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో పాల లెక్క, గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ, చీటీ కట్టాల్సిన రోజు ఎప్పటినుంచో రాసుకుంటూనే ఉన్నాం. రోజుకొక మాత్ర, మూడు నెలలకొక పరీక్షతో గడిచిపోయే జబ్బు అయితే ఆ గడుల్లోనే ఆసుపత్రి తేదీలు కూడా ఇమిడిపోతాయి. ఉదాహరణకు థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చినప్పుడు సాధారణంగా 6 నుంచి 8 వారాల తరువాత మళ్లీ టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయిస్తారు. ఆ తేదీని అదే రోజున క్యాలెండరులో వేసుకుంటే పని పూర్తయినట్లే.

మందుల వేళలు రోజుకు మూడు నాలుగు అయినప్పుడు, ఒకరికంటే ఎక్కువ మంది డాక్టర్లను కలవవలసి వచ్చినప్పుడు, ఒంట్లోని ఓపిక రోజుకొక రకంగా మారుతున్నప్పుడు మాత్రం క్యాలెండరు గడి చాలదు. ఈ మూడింటిలో మూడవదే ముఖ్యమైనది. మొదటి రెండింటినీ ఫోన్‌లోని అలారాలు చాలావరకు చూసుకుంటాయి.

ఒక రోజు బాగుంటాను, మరునాడు లేవలేను. ఇలాంటి మనిషికి ప్లాన్ వేసుకోవడంలో అర్థం ఉందా?

ఉంది, కానీ గంటలను పంచుకోవడానికి కాదు, ఓపికను పంచుకోవడానికి. లూపస్‌తో జీవిస్తున్న క్రిస్టీన్ మిజరాండినో అనే అమెరికన్ రచయిత్రి తన స్నేహితురాలికి జబ్బును వివరించడానికి చెంచాలను ఉపయోగించి, ఆ సంగతిని 2003లో వ్యాసంగా ప్రచురించారు: రోజుకు చేతిలో ఉన్నవి ఇన్నే చెంచాలు, స్నానానికి ఒకటి, బట్టలు మార్చుకోవడానికి ఒకటి పోతే సాయంత్రానికి ఏమి మిగులుతుంది అన్నది ఆ లెక్క. అప్పటి నుంచి ఎందరో రోగులు ఆ లెక్కనే వాడుతున్నారు.

ప్లానర్‌లో దీన్ని వాడుకోవడానికి చెంచాల బొమ్మలేమీ అవసరం లేదు. రోజు పక్కన ఓపిక ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు గుర్తులు చాలు. నెల రోజులు వరుసగా ఆ గుర్తులు కనిపిస్తే, ఏ పని తరువాత ఒళ్లు మూలబడుతోందో తెలుస్తుంది. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ఎడతెగని నీరసపు వ్యాధిలోనూ, కోవిడ్ తరువాత మిగిలిపోయిన ఇబ్బందుల్లోనూ, శ్రమ ఫలితం తరచుగా 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా బయటపడుతుంది. అందువల్ల నీరసం వచ్చిన రోజును మాత్రమే కాక, దాని ముందటి రెండు రోజులను కూడా చూడాలి. ఈ ఒక్క కారణంతోనే, వెనకటి రోజులు కంటికి కనిపించే ప్లానర్ వీరికి తప్పనిసరి అంటాను.

నా జబ్బుకు సంబంధించి ప్లానర్‌లో ఏమేమి రాయాలి?

రాసిన సంగతిని బట్టి డాక్టరు గానీ మీరు గానీ ఏదైనా నిర్ణయం తీసుకుంటారా అని ప్రశ్నించుకోండి. తీసుకోరని తేలితే దానికి గడి అక్కర్లేదు.

మైగ్రేన్ ఉన్నవారు తలనొప్పి వచ్చిన రోజులకంటే, మాత్ర వేసుకున్న రోజులను తప్పకుండా లెక్కపెట్టాలి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ రకం మందులు 10 రోజులు, ఆ పైన మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మందుల వల్లనే తలనొప్పి స్థిరపడే ప్రమాదం ఉంది. ఈ లెక్క నోటితో చెప్పేటప్పుడు ఎప్పుడూ తక్కువగానే వస్తుంది. రక్తపోటు ఉన్నవారు ఏడాది పొడవునా రోజూ రాయనవసరం లేదు. డాక్టరును కలిసే ముందు ఒక వారం పాటు, ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్న తరువాత, ఉదయం, సాయంత్రం నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి రాస్తే ఉపయోగం ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి పరగడుపు లెక్క, భోజనం చేసిన రెండు గంటల తరువాతి లెక్క పక్కపక్కన ఉండాలి. కీళ్లవాతం ఉన్నవారు ఉదయం వేళ్లు బిగుసుకుపోయి ఎంతసేపటికి సడలాయో నిమిషాల్లో రాయడం మంచిది. కీళ్లవాతపు డాక్టర్లు తప్పక అడిగే ప్రశ్నలలో అదొకటి.

## ఎంచుకునేటప్పుడు

రోజుకొక పేజీ ఉన్నది మంచిదా, వారమంతా ఒకచోట కనిపించేది మంచిదా?

దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి వారం మొత్తం రెండు పేజీల్లో కనిపించేదే నయం. రోజుకొక పేజీ ఇస్తే ఆ పేజీ నింపాలన్న ఒత్తిడి పుడుతుంది. నింపలేని రోజున అంత పెద్ద తెల్లకాగితం మనల్ని నిలదీస్తున్నట్లు ఉంటుంది. పైగా సోమవారం చేసిన పనికి బుధవారం వచ్చిన నొప్పికి ఉన్న సంబంధం, పేజీ తిప్పితే తప్ప కనిపించదు.

వారపు ప్లానర్లలో కూడా రెండు రకాలు ఉన్నాయి. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు గంటగంటకూ గీతలు గీసి ఉన్న నిలువు వరుసలది ఒకటి, రోజుకొక ఖాళీ గడి మాత్రమే ఉన్నది మరొకటి. ఆఫీసు సమావేశాలు, డయాలసిస్ వేళలు వంటి కదలని సమయాలు ఎక్కువగా ఉంటే మొదటిది, ఉదయం లేచాక గానీ రోజు ఎలా ఉంటుందో తెలియనివారికి రెండవది సరిపోతాయి. రోజుకొక పేజీ నిజంగా అవసరమయ్యేది భోజనం, ఇన్సులిన్, లెక్కలు అన్నీ రోజుకు చాలాసార్లు రాసేవారికే.

తేదీలు ముద్రించినది కొనాలా, లేనిది కొనాలా?

తేదీలు లేనిది కొనండి. జబ్బు తిరగబెట్టి నెల రోజులు ముట్టుకోకపోయినా ఒక్క పేజీ కూడా వృథా కాదు, ఎక్కడ ఆపారో దాని తరువాతి పేజీలోనే కొనసాగించవచ్చు. జనవరిలోనే మొదలుపెట్టాలన్న నియమం కూడా ఉండదు. ఉగాదికి మొదలుపెట్టినా, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున మొదలుపెట్టినా ఒకటే. తేదీ చేత్తో రాయడం కష్టమనేవారు వారానికొకసారి ఇంట్లో పిల్లల చేత ఏడు తేదీలూ రాయించుకోవచ్చు.

బ్యాంకువాళ్లో, ఎల్‌ఐసీ ఏజెంటో ఉచితంగా ఇచ్చిన డైరీ ఉంది. దాన్ని వాడితే సరిపోతుంది కదా?

డబ్బు దండగ కాదన్న మాట నిజమే గానీ, అవి ఎక్కువగా రోజుకొక పేజీ ఉన్న బరువైన గట్టి అట్ట పుస్తకాలు. బల్ల మీద తెరిచి ఉంచితే వాటంతట అవే మూసుకుపోతాయి. మంచం మీద పడుకుని రాయడానికి అసలే వీలుకావు. ఆ డైరీని ఇంటి లెక్కలకో, ఆసుపత్రి ఖర్చుల నమోదుకో ఉంచుకోవచ్చు. ఖర్చు పెట్టలేని పరిస్థితి అయితే, ఉచిత డైరీకంటే మామూలు రూళ్ల నోట్‌బుక్ కొని, ఎదురెదురు పేజీల్లో ఏడు గడులు గీసుకోవడం మంచిది. పిల్లల బడి పుస్తకాల దుకాణంలో దొరికే స్పైరల్ నోట్‌బుక్కుతో సంవత్సరాలు నెట్టుకొచ్చేవారు ఉన్నారు.

వేళ్లు నొప్పిగా, బిగుసుకుపోయి ఉంటాయి. ఏ సైజు, ఏ బైండింగు, ఏ పెన్ను తీసుకోవాలి?

సైజు సంగతి ముందు తేల్చుకోవాలి. 148 × 210 మిల్లీమీటర్ల ఏ5 పుస్తకంలో అక్షరాలు కాస్త పెద్దవిగా రాయవచ్చు. దానికి సగం ఉండే ఏ6 సంచిలో తేలిగ్గా ఇమిడినా, అందులో చిన్న అక్షరాలు రాయడానికి వేళ్లను మరింత బిగించవలసి వస్తుంది. కాబట్టి కీళ్లనొప్పి ఉన్నవారికి చిన్న పుస్తకమే సుఖమన్నది అపోహ.

బైండింగు విషయానికి వస్తే, పూర్తిగా వెనక్కి మడవగలిగే స్పైరల్ పుస్తకం అన్నిటికంటే అనువైనది. కాగితాలు మార్చుకోగల రింగు బైండర్లు చూడ్డానికి ఆకర్షణీయంగా ఉంటాయి కానీ, ఆ ఇనుప రింగులను విప్పడానికి రెండు బొటనవేళ్లతో గట్టిగా లాగాలి. వాపు ఉన్న రోజున అది ఒక శిక్ష. దుకాణంలోనే నాలుగైదు సార్లు విప్పి మూసి చూడండి. ఆన్‌లైన్‌లో కొనేవారికి ఆ వీలు ఉండదు కనుక రింగుల జోలికి పోకపోవడమే మంచిది.

పెన్ను లావుగా, నొక్కకుండానే పారేదిగా ఉండాలి. జెల్ పెన్నులు బాల్‌పెన్నులకంటే తక్కువ ఒత్తిడితో రాస్తాయి. సన్నటి పెన్నుకు మెత్తటి రబ్బరు తొడుగు వేసినా, అదీ లేకపోతే గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేసినా పట్టు సులభమవుతుంది. జెల్ సిరా అవతలి పేజీకి ఊరకుండా ఉండాలంటే 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), అంతకు మించిన మందం ఉన్న కాగితం చూసుకోవాలి.

ఫోన్‌లో ఇన్ని యాప్‌లు ఉండగా పుస్తకం ఎందుకు?

గుర్తుచేసే పనికి ఫోన్‌ను మించినది లేదు. మందు వేళ, ఆసుపత్రి అపాయింట్‌మెంట్, ఇంజక్షన్ రోజు, ఇవన్నీ ఫోన్‌లోనే ఉండాలి, ఎందుకంటే పుస్తకం మోగదు. చేతులు నొప్పిగా ఉన్నప్పుడు కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి తెలుగులో చెబితే అదే రాసిపెడుతుంది కూడా.

ఆలోచించి సర్దుకునే పనికి మాత్రం కాగితం మేలు. మెదడు మొద్దుబారినట్లుండే రోజుల్లో ఫోన్ తెరిస్తే పది నోటిఫికేషన్లు దారి మళ్లిస్తాయి, తెరవడానికి కారణమైన పని మరుపున పడుతుంది. వెలుతురు పడని మైగ్రేన్ రోగికి తెర చూడడమే కష్టం. కాబట్టి రెండింటినీ వాడుతూ, ఏది ఎక్కడ అన్నది ఖచ్చితంగా విడదీసుకోవడం మంచిది: గంట ప్రకారం జరగవలసినవి ఫోన్‌లో, మిగిలినవన్నీ పుస్తకంలో. ఒకే విషయాన్ని రెండు చోట్లా రాసే అలవాటు ఆరోగ్యవంతులకే ఎక్కువ కాలం నిలవదు.

మందుల యాప్ పెట్టుకున్నవారు ఒక సెట్టింగు చూసుకోవాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా చేయడానికి వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతాయి, దానితో అలారం ఆలస్యంగా మోగడమో, అసలు మోగకపోవడమో జరుగుతుంది. ఆ యాప్‌కు బ్యాటరీ నియంత్రణ తీసివేసి, ఒక రోజంతా గమనించిన తరువాతే దాన్ని నమ్మండి.

బుల్లెట్ జర్నల్ నాకు పనికివస్తుందా?

పద్ధతి పనికివస్తుంది, దాని చుట్టూ అల్లుకున్న అలంకారాలు పనికిరావు. న్యూయార్క్‌లో డిజిటల్ డిజైనరుగా పనిచేసిన రైడర్ కారల్ ఏకాగ్రతకు సంబంధించిన తన ఇబ్బందిని అధిగమించడానికి ఖాళీ నోట్‌బుక్కులో చుక్కలు, గీతలతో చేసుకున్న ఏర్పాటు అది. 2013లో దాన్ని బయటపెట్టారు. పనికి చుక్క, అయిపోతే ఇంటూ గుర్తు, తరువాతికి జరిపితే బాణం గుర్తు, అంతే. బాణం గుర్తు మనవంటివారికి చాలా సౌకర్యం: చేయలేని పని ‘చేయలేదు’ అని మిగిలిపోకుండా ‘జరిపాను’ అని నమోదవుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే రంగురంగుల బొమ్మలు, అందమైన శీర్షికలు గీయడానికి ఉన్న ఓపికంతా పెట్టేస్తే, పని చేయడానికి ఏమీ మిగలదు. గీయడమే మీకు విశ్రాంతి అయితే అది వేరే సంగతి.

వారానికి మూడుసార్లు డయాలసిస్. నాకు ఎలాంటిది అనువుగా ఉంటుంది?

గంటల గీతలున్న వారపు ప్లానర్ తీసుకోండి. సోమ, బుధ, శుక్రవారాలో, మంగళ, గురు, శనివారాలో, ఒక్కో విడతకు సుమారు నాలుగు గంటలు ముందే నిండిపోయి ఉంటాయి. ఆ గంటలతో పాటు రాకపోకల సమయాన్ని, ఇంటికి వచ్చాక పడుకునే సమయాన్ని కూడా కలిపి అడ్డంగా గీత కొట్టేయండి. అప్పుడు మిగిలిన ఖాళీ ఎంతో నిజంగా కనిపిస్తుంది. ప్రతి విడతకూ ముందు, తరువాత తూచిన బరువు, ఆ రోజు తాగిన నీళ్ల కొలత రాయడానికి పేజీ అడుగున ఒక వరుస వదిలితే, రెండు విడతల మధ్య ఒంట్లో చేరుతున్న నీరు ఎంతో వారం చివర తేలిగ్గా పోల్చుకోవచ్చు.

## మొదటి వారాల్లో

కొత్త ప్లానర్ తెచ్చుకున్నాను. మొదటి పేజీలో ఏం రాయాలి?

మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే అవతలివారికి తెలియవలసినవి రాయండి: జబ్బుల పేర్లు, వాడుతున్న మందులు, పడని మందులు, రక్తం గ్రూపు, గతంలో జరిగిన ఆపరేషన్లు, చూసే డాక్టరు, కబురు చేయవలసిన ఇద్దరి ఫోన్ నంబర్లు. ఆభా (కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ ఆరోగ్య ఖాతా) ఉంటే దాని 14 అంకెల సంఖ్యను, ఆరోగ్యశ్రీ గానీ ఇన్సూరెన్సు గానీ ఉంటే ఆ కార్డు నంబరును కూడా అక్కడే ఉంచండి. మందుల జాబితాను పెన్సిలుతో రాస్తే మారినప్పుడల్లా దిద్దుకోవచ్చు, పక్కన దిద్దిన తేదీ వేయడం మరవకూడదు.

మందులను ప్లానర్‌లో ఎలా రాసుకోవాలి?

రోజూ వేసుకునే మాత్రలను రోజూ రాయడం దండగ. వాటికి గడుల మందుల డబ్బా, ఫోన్ అలారం చాలు. ప్లానర్‌లోకి రావలసినవి రోజూ కానివి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పిన ఆ రోజు పేరును ప్రతి వారపు పేజీలోనూ ముందే పెద్ద అక్షరాలతో రాసి, వేసుకోగానే కొట్టేయాలి. మాత్రలను తెచ్చి ఇచ్చేవారికి, చూసుకునేవారికి కూడా ఆ పేజీ చూపించి ఉంచాలి.

మధ్యలో ఎడం ఉండవలసిన మందులు రెండో రకం. థైరాయిడ్ మాత్రను పరగడుపున, టిఫిను చేయడానికి కనీసం అరగంట ముందు వేసుకోమంటారు. ఐరన్, కాల్షియం మాత్రలకు దానికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇలాంటి సంగతులను రోజువారీ గడుల్లో కాక, పుస్తకం లోపలి అట్ట మీద ఒక్కసారి రాసి అంటిస్తే సరిపోతుంది. మందులు ఎప్పటికి అయిపోతాయో లెక్కించి, దానికి వారం ముందటి గడిలో ‘మందులు తేవాలి’ అని వేసుకోవడం మూడో పని.

రోజుకు ఎన్ని పనులు రాసుకోవచ్చు?

ఒకటి తప్పనిసరి, రెండు వీలైతే. నాలుగోది రాయాలనిపించినప్పుడు వారం అడుగున ఉన్న ఖాళీలో వేయండి. స్నానం, వంట, ఆసుపత్రి ప్రయాణం కూడా పనులే. వాటిని లెక్కలోకి తీసుకోకుండా వేసిన జాబితా కాగితం మీద మాత్రమే పూర్తవుతుంది.

పండుగలు, పెళ్లిళ్లు వచ్చినప్పుడు ప్లాన్ అంతా తలకిందులవుతోంది. ఏం చేయాలి?

వేడుక జరిగే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి, ముందుకు కూడా పోవాలి. కీళ్లవాతం ఉన్న ఒక గృహిణి శనివారం రాత్రి దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్లాలనుకుందాం. ఆమె వారపు పేజీ ఇలా ఉండవచ్చు. సోమవారం: చీర, రవికె తీసి పెట్టడం, జారని మెత్తటి చెప్పులు వెతకడం. మంగళవారం: మందు రోజు, మరే పనీ లేదు. బుధవారం: బహుమతి కవరు, ప్రయాణానికి మందుల సంచి. గురువారం: తలస్నానం, దానికి అమ్మాయి సాయం. శుక్రవారం: ఖాళీ. శనివారం: మధ్యాహ్నం నిద్ర, రాత్రి ముహూర్తానికి మాత్రమే. ఆదివారం, సోమవారం: ఖాళీ, వంట బయటి నుంచి. ఇందులో అన్నిటికంటే ముందు రాయవలసినది ఆదివారం గడి. ముందటి ఖాళీని అందరూ వదులుతారు, తరువాతి ఖాళీ దగ్గరే లెక్క తప్పుతుంది. ‘పెళ్లికి బాగానే తిరిగిందిగా, ఇంటికి రాగానే పడుకుందేం’ అనే మాటకు కూడా ఆ పేజీలో జవాబు ఉంటుంది, అవసరమైతే చూపించవచ్చు.

సంక్రాంతి పిండివంటలకు ఇదే పద్ధతి వర్తిస్తుంది. అరిసెల పాకం ఒకే రోజున పూర్తి చేయవలసిన పని కాబట్టి దాన్ని విడగొట్టలేం. బియ్యం నానబెట్టడం, పిండి ఆడించడం, పాకం పట్టడం, నూనెలో వేయడం ఎవరెవరి పనో పేర్లతో సహా గడిలో రాయాలి. పేరు రాయని పని చివరికి రోగి మీదే పడుతుంది.

ఏకాదశులు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవారు, ముఖ్యంగా ఇన్సులిన్ గానీ చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవారు, ఆ తేదీలను ముందుగానే ప్లానర్‌లో గుర్తించి, మందులు ఎలా మార్చుకోవాలో అంతకు ముందటి అపాయింట్‌మెంట్‌లోనే అడగాలి. ఉపవాసం నాటి ఉదయం ఫోన్ చేసి అడిగే ప్రశ్న కాదది.

ప్రతిదీ రాస్తూ ఉంటే రోజంతా జబ్బు గురించిన ఆలోచనే అవుతోంది.

అలా అనిపిస్తే నమోదు చేసేవాటిని ఒకటికి తగ్గించండి, లేదా డాక్టరును కలవడానికి రెండు వారాల ముందు మాత్రమే రాయండి. నొప్పిని పదికి ఇన్ని మార్కులని రోజూ తూచడం కొందరికి నొప్పి మీద ధ్యాసను పెంచుతుంది. అలాంటివారు నొప్పికి బదులు చేయగలిగిన పనిని రాయడం మేలు: మెట్లు ఎక్కగలిగాను, చపాతీ పిండి కలపలేకపోయాను. డాక్టరుకు కూడా మార్కులకంటే ఈ మాటే ఎక్కువ చెబుతుంది.

ఉమ్మడి కుటుంబంలో ఉంటాను. నేను రాసుకున్నది అందరూ చదువుతారు.

ఇతరులకు తెలియవలసిన తేదీలను గోడ క్యాలెండరులో రాసి, పుస్తకాన్ని మీ మందుల డబ్బాతో పాటు ఉంచుకోండి. నెలసరి, మనసు బాగాలేకపోవడం, మూత్రవిసర్జన ఇబ్బందుల వంటివాటికి అక్షరాలకు బదులు మీకు మాత్రమే తెలిసిన గుర్తులు పెట్టుకోవచ్చు. గుర్తుల అర్థం ఆ పుస్తకంలోనే రాసిపెడితే ప్రయోజనం ఉండదు.

## జబ్బు తిరగబెట్టినప్పుడు

మూడు వారాలుగా ఏమీ రాయలేదు. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

గడిచిన గడులను నింపే ప్రయత్నం చేయవద్దు. జ్ఞాపకం మీద రాసినవి నమ్మదగినవిగా ఉండవు, రాయడానికి ఓపిక మాత్రం ఖర్చవుతుంది. ఆ ఖాళీకి అడ్డంగా ఒక గీత గీసి, ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జబ్బు తిరగబెట్టింది’ అని ఒక్క ముక్క రాయండి. జబ్బు ఎంత తరచుగా, ఎంతకాలం తిరగబెడుతోందన్నది డాక్టరుకు కావలసిన సమాచారమే కాబట్టి ఆ ఖాళీ కూడా నమోదైనట్లే. తరువాత ఈ రోజు గడిలో ఒకే ఒక పని వేయండి.

మంచం మీంచి లేవలేని రోజున ప్లానర్‌తో ఏం పని?

బాగున్న రోజున ఒక పేజీ సిద్ధం చేసి ఉంచితే ఈ రోజున అదే ప్లాన్. తప్పక వేసుకోవలసిన మందులు, నీళ్లు, తేలిగ్గా తినగలిగినవి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి అన్నవి ఆ పేజీలో ఉండాలి. చివరి అంశాన్ని మీ డాక్టరును అడిగి రాసుకోండి. ఆ పేజీకి మెరిసే రంగు కాగితం అంటిస్తే, చూసుకునేవారు కూడా వెంటనే తెరవగలుగుతారు.

నేను అమెరికాలో ఉంటాను, అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఆమె ప్లానర్ నేను చూసుకోవచ్చా?

ఫోన్ క్యాలెండరును ఇద్దరూ పంచుకోవడం సులభమైన మార్గం. ఆసుపత్రి తేదీలు మీరు వేస్తే ఆవిడ ఫోన్‌లో మోగుతాయి. భారతదేశ కాలమానం ఏడాదంతా మారదు, అమెరికాలో మాత్రం మార్చి రెండవ ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు జరుగుతాయి. న్యూయార్క్‌కు హైదరాబాదుకు మధ్య తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. అందువల్ల అపాయింట్‌మెంట్లను భారత కాలమానాన్ని ఎంచుకునే నమోదు చేయాలి. మీరు రోజూ చేసే ఫోన్ వేళను మాత్రం ఆ రెండు ఆదివారాల ముందు ఆవిడతో మాట్లాడి సర్దుకోవాలి.

ఇక ఏం రాయాలి, ఏం రాయకూడదు అన్నది ఆవిడ ఇష్టం. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని ఫోటో తీసి పంపడం ఆవిడకు అలవాటైతే, యాప్ నేర్పించాలని పట్టుబట్టకండి. మంగళవారం ఆసుపత్రికి వెళ్లనంటే గురువారానికి వేయండి. అత్యవసరం కానంతవరకు దాని మీద వాదన వద్దు.

## డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు

అంత శ్రద్ధగా రాసుకుని తీసుకెళ్తే డాక్టరు చూడనే చూడరు.

ఓపీలో ఒక్కొక్కరికి దొరికే కొద్ది నిమిషాల్లో ఎవరూ మూడు నెలల పేజీలు తిరగేయలేరు. ముందు రోజు రాత్రి ఒక అర పేజీలో సారాంశం రాయండి. క్రితంసారి తరువాత ఏం మారింది, ఎన్ని రోజులు బాగాలేదు, ఏ మందు మానేశారు లేదా ఏ మందు పడలేదు, అడగవలసిన ప్రశ్నలు మూడు. ఈ క్రమంలోనే నోటితో చెప్పండి, కాగితం చేతిలో ఉండనివ్వండి. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నను మొదట అడగాలి. లేచి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్నకు సరైన జవాబు దొరకడం కష్టం.

బయటికి రాగానే, ఇంటికి చేరే వరకు ఆగకుండా వరండాలోనే కూర్చుని డాక్టరు చెప్పినవి రాసుకోండి. మళ్లీ రావలసిన తేదీ, చేయించవలసిన పరీక్షలు అదే పేజీలో ఉండాలి. రాయలేని స్థితిలో ఉంటే ఫోన్‌లో మాట రికార్డు చేసుకోవచ్చు.

రిపోర్టులు, మందుల చీటీలు ప్లానర్‌లోనే పెట్టుకోవచ్చా?

వద్దు. పుస్తకం ఉబ్బిపోతుంది, చీటీలు జారిపోతాయి. కొత్తది పైన ఉండేలా వేరే ఫైలులో పెట్టి, ప్రతిదానికీ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచండి. థర్మల్ కాగితం మీద ముద్రించిన బిల్లులు, ఈసీజీలు కొంతకాలానికి వెలిసిపోతాయి కనుక వాటిని తప్పనిసరిగా ఫోటో తీయాలి.

## ఏడాది మారేటప్పుడు

వచ్చే ఏడాదికి వేరే రకం ప్లానర్‌కు మారాలా?

వాడుతున్నది బాగాలేని వారాల్లో కూడా చేతిలోకి వచ్చి ఉంటే మార్చకండి, ఎంత అందమైనది కనిపించినా సరే. కొన్న ప్రతిదీ రెండు నెలల్లో మూలన పడుతుంటే, మరో బ్రాండుకు కాక, మరింత తక్కువ రాయించే రకానికి మారండి. జబ్బు తీరు మారినప్పుడు, అంటే మాత్రల నుంచి ఇంజక్షన్లకు మారినప్పుడు, ఉద్యోగం మానినప్పుడు లేదా తిరిగి చేరినప్పుడు, చూపు తగ్గినప్పుడు, ప్లానర్ కూడా మారడం సహజం.

పాత ప్లానర్లు దాచిపెట్టాలా, పారేయాలా?

జబ్బు తిరగబెట్టిన తేదీలు, మందులు మొదలుపెట్టిన, ఆపిన తేదీలు, ఆపిన కారణాలు ఒక పేజీలోకి ఎత్తి రాసుకుని కొత్త పుస్తకంలో అంటించండి. కొన్ని మందులకు ఈ తేదీలు ఏళ్ల తరువాత కూడా అవసరమవుతాయి. ఉదాహరణకు లూపస్‌కు, కీళ్లవాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టిన తొలి ఏడాదిలోపు ఒకసారి కంటి పరీక్ష చేయించి, ఐదేళ్ల వాడకం తరువాత ఏటా చేయించమంటారు, కొందరికి ఇంకా ముందే అవసరం కావచ్చు. మొదలుపెట్టిన సంవత్సరం తెలియకపోతే ఆ లెక్క ఎక్కడినుంచి మొదలుపెట్టాలో కంటి డాక్టరుకు తెలియదు. ఇన్సూరెన్సు క్లెయిము గానీ, వైకల్య ధ్రువపత్రం దరఖాస్తు గానీ నడుస్తున్నంత కాలం ఆ సంవత్సరాల పుస్తకాలను ఉంచండి. మిగిలినవి పారేసేటప్పుడు మొదటి పేజీలోని కార్డు నంబర్లు, ఫోన్ నంబర్లు చింపేసిన తరువాతే పాత పేపర్లవాడికి వేయండి.